మెట్ల మీది పెద్దాయన

తలుపు తీసింది. గుంటలో పడింది. చచ్చిపోయింది.

నిజంగా కాదు. ఆటలో.

"తలుపు కనపడితే చాలు, తీసెయ్యడమేనా తల్లీ!" అన్నాడు వకీలు.

బల్ల చుట్టూ అందరూ నవ్వారు.

వకీలంటే నిజం వకీలు కాదు. ఇళ్లకు రంగులేసే మనిషి. ఆటలో ప్రతిదానికీ రూలు తీస్తాడని ఆ పేరు పెట్టారు.

అది కథ ఆట. మందులషాపాయన కథ నడుపుతాడు. మిగతావాళ్లు ఆ కథలో వేషాలు. ఒకడు దొంగ, ఒకడు సిపాయి. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, పాచిక వెయ్యాలి. పాచిక ఎలా పడితే రాత అలా.

ఆమెకు దీపం పట్టుకుని ముందు నడిచే వేషం ఇచ్చారు. మిగిలింది అదొక్కటే.

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. ఊరికి కొత్త. పొద్దస్తమానం జనం కళ్లలోకి చూడ్డమే పని. కనపడుతోంది, కనపడ్డం లేదు. అంతకు మించి ఆమెతో ఇంకో మాట మాట్లాడినవాళ్లు లేరు.

ఇక్కడైనా నలుగురితో నాలుగు మాటలు దొరుకుతాయని వచ్చింది. దొరికింది నవ్వు.

సంచి భుజానికి తగిలించుకుని లేచింది. ఎవరూ ఉండమనలేదు.

ఆట ఆడే గది కింద సైకిల్ షాపు. మెట్లు ఇరుకు. ఒక పెద్దాయన ఆయాసపడుతూ పైకొస్తున్నాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. ఆమెను చూసి గోడ పక్కకు జరిగాడు.

"కొత్తగా వచ్చింది నువ్వేనా అమ్మా? అప్పుడే అయిపోయిందా ఆట?"

"నాకు అయిపోయింది. వెళ్లండి, మీవాళ్లు నవ్వుకుంటున్నారు."

"ఎందుకూ?"

"నేను చచ్చినందుకు."

"చచ్చినా నోరు పడిపోలేదే!"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుంది.

"ఆ రూళ్లూ అవీ నాకు రావు బాబాయ్ గారూ."

"నాకు మాత్రం వచ్చా?"

పెద్దరికం కొద్దీ అంటున్నాడనుకుంది.

"ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చేస్తావు?"

ఆమెకు తన అద్దెగది గుర్తొచ్చింది. గదిలో ఒక మంచం, ఒక బల్బు. చెప్పడానికేముంది.

"ఇంట్లో మాట్లాడేవాళ్లుంటే మనం ఈ మెట్లెందుకెక్కుతాం?" అన్నాడాయన. కాసేపు కింద వీధి వైపు చూశాడు. తర్వాత పై గది వైపు చూశాడు. లోపల ఎవరో పాచిక వేశారు. ఆ చప్పుడు ఆగేదాకా విన్నాడు.

"పద," అన్నాడు. "పోయిన ప్రాణం తిరిగొచ్చేది ఆటలోనే."

ఆయనే ముందు నడిచాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ పిల్ల తలుపు మళ్లీ తీస్తుందట. ఈసారి కర్రతో నేల పొడిచి చూసి మరీ తీస్తుంది. తియ్యనివ్వండి."

"రూలు ఒప్పుకోదు," అన్నాడు వకీలు.

"మొదటిరోజు నీకెవరూ ఏదీ వదిలెయ్యలేదా నాయనా?"

వకీలు తల గోక్కున్నాడు.

"సరే పెద్దాయనా, బతికింది," అన్నాడు మందులషాపాయన నవ్వుతూ. "కూర్చోమ్మా."

ఆమె కూర్చుంది. పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

కథ కోట వాకిట్లోకి వచ్చింది. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. దొంగ కత్తి తీశాడు, సిపాయి కత్తి తీశాడు. ఆమె వంతు వచ్చింది. ఏం చెయ్యాలో తోచక గోడ వైపు చూసింది.

"కత్తులు వాళ్లకున్నాయి. నీకు నోరుంది," అన్నాడు పెద్దాయన.

ఆమె మందులషాపాయన వైపు తిరిగింది. ఇప్పుడు కాపలావాడు అతనే.

"ఎంతసేపటినుంచి నిలబడ్డావన్నా? కాళ్లు నొప్పెట్టడం లేదూ?"

మందులషాపాయన చేతిలో పాచిక కింద పెట్టేశాడు.

"ఈ మాట అడిగినవాళ్లు లేరు తల్లీ," అన్నాడు కాపలావాడి గొంతుతో. "లోపలికి పొండి."

"ఇదేం రూలయ్యా!" అని వకీలు బల్ల మీద కొట్టాడు. కొడుతూనే నవ్వాడు. ఈ నవ్వు వేరు.

గోడ దగ్గర పెద్దాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఆట ముగిసి అందరూ లేచేసరికి ఆయన లేడు.

తర్వాతి వారం ఆమె అందరికంటే ముందొచ్చింది. గుమ్మం కనపడేలా కూర్చుంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే తల తిప్పేది. ఒకసారి కింద షాపువాడు. ఒకసారి ఎవరూ కాదు, గాలికి తలుపు.

పెద్దవాళ్లు, వీలున్నప్పుడే వస్తారేమో అనుకుంది. వస్తే చెప్పాలని చాలా దాచుకుంది. ఇప్పుడు షాపులో జనంతో తనే ముందు మాట్లాడుతోందని. వకీలు తనను చెల్లీ అంటున్నాడని.

వానలు వచ్చాయి, పోయాయి. కథ కంచికి చేరింది. కొత్త కథ మొదలెట్టాలి.

"చెల్లీ, ఈసారి మీ నాన్నగారిని కూడా తీసుకురా," అన్నాడు వకీలు. "ఆయనకీ ఒక వేషం ఇద్దాం."

"మా నాన్నేంటి?"

"ఆ రోజు గోడ దగ్గర నిలబడ్డాడే, పెద్దాయన."

"ఆయన మీ మనిషి కదా!"

"మా మనిషా? నీతోనే కదా వచ్చాడు!"

ఇద్దరూ మందులషాపాయన వైపు చూశారు. అతను ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగిపోయాడు.

"ఆ రోజు పొద్దున ఒక ముసలాయన ఫోన్ చేశాడు," అన్నాడు మెల్లగా. "దారిన పోయేవాళ్ల ఫోను అడిగి చేశాడట. కథలు వినడమే గానీ కథలో ఎప్పుడూ లేను బాబూ, నన్నూ చేర్చుకుంటారా అన్నాడు. ఒక్క వేషమే ఉంది, ఒకమ్మాయి కూడా వస్తానంది, ఆమె ఉండకపోతే అది మీదే, వచ్చి చూడండి అన్నాను. రాలేదనుకున్నాను."

మెట్ల మీద ఆమె దిగిపోతుంటే ఊరికే చూస్తూ నిలబడినా, ఆ వేషం ఆయనదే అయ్యేది.