అయిదో అడుగు

"ఈ బాణీ ఎవరిదో ముందు చెప్పు లెన్నా. చెప్పకుండా కమాను ఎత్తకూడదు," అన్నాడు మేళం పెద్ద హోబర్ట్.

లెన్నా ఫిడేలును భుజానికి ఆనించుకున్నది.

"ఆబ్షర్ గారిదండీ. కొండ మీది ఆడపిల్లల దిద్దుబాటు బడికి సూపరింటెండెంటుగా చేశారు కదా, ఆయనది. అరవై ఏళ్ళ నాటి టేపు. పెట్టె మీద ఆయన పేరే ఉంది."

ఆ ఊరి ఫైర్ స్టేషన్ హాలులో ప్రతి గురువారం సాయంత్రం మేళం కూడుతుంది. కుర్చీలు రెండు వలయాలు. ఎవరూ ఎరగని పాత బాణీని తెచ్చి నడిపించగలిగిన వారికే లోపలి వలయంలో చోటు.

మూడేళ్ళుగా లెన్నా ఇతరుల వీపులు చూస్తూ వాయిస్తున్నది.

ఈనాడు లోపల ఒక కుర్చీ ఖాళీగా ఉన్నది.

ఆమె మొదలుపెట్టింది. రెండో భాగం చివర హోబర్ట్ చేయి అడ్డం పెట్టాడు.

"ఆగాగు. అక్కడ తాళం నాలుగు దెబ్బలుండాలి. అయిదు వేశావు."

"టేపులో అట్లాగే ఉందండీ."

"ముసలాయన తడబడ్డాడులే. ఆయన తుమ్మితే నువ్వూ తుమ్ముతావా?"

అందరూ నవ్వారు.

"తడబాటు కాదు."

మాట తలుపు దగ్గరి నుండి వచ్చింది. గోధుమరంగు కోటు తొడుక్కున్న ఒక వృద్ధురాలు. ఆ ఊరి మనిషి కాదు. ఈ మేళం సంగతి ప్రకటించిన పత్రిక ముక్క ఆమె చేతిలో నలుగుతున్నది.

"అక్కడ అయిదే. నాలుగే వేస్తే గోడ రాదు."

"బాణీకి గోడలేంటి పెద్దమ్మా? కప్పు కూడా వేయించమంటావా?" అన్నాడు బాంజో వాయించే డార్ల్.

"ఫిడేలు తెచ్చారా మీరు?" అని అడిగాడు హోబర్ట్.

"లేదు. వేళ్ళు వంగవు నాకు."

"అయితే కూర్చుని వినండి. అక్కడ కాఫీ ఉంది, మొక్కజొన్న రొట్టె ఉంది."

ఆమె పేరు ఎవరూ అడగలేదు.

"నాలుగే కానివ్వు అమ్మాయ్," అన్నాడు హోబర్ట్.

ఆరు వారాల సాధనలో, తాళం వేసే లెన్నా మడమకు అయిదే అలవాటైంది. అయిదే సరియైనదని ఆమెకు తెలుసు.

ఖాళీ కుర్చీ వైపు చూసింది. నాలుగే వాయించింది.

వలయమంతా అందుకున్నది. బాణీ తిరిగి తిరిగి మొదటికి వస్తున్నది. ఎత్తుకున్నవారు కాలు పైకెత్తి చూపేదాకా ఎవరూ ఆపకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ప్రతి చుట్టులోను అదే చోట బాణీ ఠక్కున ఆగి వెనుదిరుగుతున్నది. ప్రతి చుట్టులోను ఆ వృద్ధురాలి వేలు మోకాలిపై, ఒంటరిగా, అయిదో దెబ్బ వేస్తున్నది.

లెన్నాకు ఊపిరాడలేదు. ఆ హాలు కిటికీలు రంగు పట్టి ఏనాడో బిగుసుకుపోయాయి.

ఏడో చుట్టులో ఆ వృద్ధురాలు లేచి నిలబడ్డది.

కాలు ఎత్తితే చాలు. మేళం ఆగుతుంది. ఆమెను పిలిచి అడగవచ్చు.

హోబర్ట్ ఖాళీ కుర్చీని చూపి, చిరునవ్వుతో తల ఊపాడు.

లెన్నా కాలు నేలను విడువలేదు.

వృద్ధురాలి వెనుక తలుపు మూసుకున్నది. బాణీ మరి అయిదు చుట్లు తిరిగింది.

"ఇక లోపలికొచ్చి కూర్చో లెన్నా, నీదే ఇది," అన్నాడు హోబర్ట్.

ఆదివారం ప్రార్థన నుండి వచ్చి, మరొక బాణీ దొరుకుతుందేమోనని లెన్నా ఆ టేపును రెండో వైపుకు తిప్పి పెట్టింది.

ఫిడేలు కాదు, మొదట ఆబ్షర్ గొంతు వినిపించింది.

"ముప్పై ఒకటో నంబరూ, మళ్ళీ వాయించు. నాలుగే. అయిదు వేశావంటే ఇంకో నెల ఆ ఒంటరి గదిలోనే."

పదిహేనేళ్ళు నిండని ఒక ఆడపిల్ల గొంతు బదులు చెప్పింది.

"నాలుగే వేస్తే గోడ రాదు సార్. ఆ గది అయిదడుగులు."

ఆపైన ఫిడేలు మీద అదే బాణీ మొదలైంది. ఆ పిల్ల అయిదే వాయించింది.