గంగమ్మ డ్రమ్ము

మల్లేశం ఇంట్లో నీలం డ్రమ్మును ఎవరూ ముట్టకూడదు.

బాత్రూమ్ పక్కన గద్దె మీద ఉంటుంది అది. పైన మూత, మూత మీద బండరాయి, లోపల అంచుదాకా నీళ్లు. ఇంట్లో తాగడానికి చుక్క లేకపోయినా సరే, అందులో చెంబు ముంచడానికి వీల్లేదు. ఎండకు రెండు వేళ్లు తగ్గినా మల్లేశం బండి మీద పోయి, ఎవరి బోరు దగ్గరో బతిమాలి, క్యాను నింపుకొచ్చి పోసేవాడు.

"నలభై దినాలు గీ డ్రమ్ము నిండుగ ఉండాలె. తగ్గిందో, నా నౌకరీ పోయినట్టే" అన్నాడు భార్య సరళతో.

సరళ అది గంగమ్మ మొక్కే అనుకుంది. మల్లేశం కాదనలేదు.

నౌకరీ అంటే ఏమంత గొప్పది కాదు. శామీర్‌పేట అవతల వాళ్ల ఊళ్లో నీళ్ల ట్యాంకు చూసుకోవాలి. పొద్దున్నే లేచి వీధివీధికీ వాల్వు తిప్పాలి. అదీ కాంట్రాక్టు మీద. ఊరంతటికీ నీళ్లిచ్చే మనిషి ఇంట్లో నల్లా మాత్రం రెండుసార్లు దగ్గి ఊరుకునేది. "నేను నీళ్ల మల్లేశాన్ని గాదే, గాలి మల్లేశాన్ని. తిప్పితే గాలే వస్తది" అని తన మీద తానే నవ్వుకునేవాడు.

రెండు నెలల కింద మేడ్చల్ ఆఫీసు వాళ్లు ట్యాంకు ట్యాంకుకూ ఒక మిషిను బిగించారు. తీగకు వేలాడే నల్ల గుండు. దానికి నీళ్లు తగిలితే ఆఫీసులో పద్మలత మేడమ్ ఫోన్‌లో పచ్చ చుక్క పడుతుంది. తగలకపోతే ఎర్ర చుక్క. ఎవరి పనితనం ఎంతో ఇక ఆ చుక్కే చెబుతుందట.

మల్లేశం పనితనం ఎర్రగానే ఉండేది.

"ట్యాంకు ఎందుకు నిండట్లేదయ్యా?"

"పైనుంచే నీళ్లు సరిగ్గ వస్తలేవు మేడమ్."

"ఆ కథలు నాకు చెప్పకు. వరసగా నలభై రోజులు పచ్చ ఉంటేనే మళ్లీ కాంట్రాక్టు. ఒక్క రోజు ఎర్రబడినా ఇంకొకరిని పెట్టుకుంటాం."

ఇద్దరు పిల్లల ఫీజులు, బండి కిస్తీ కళ్ల ముందు తిరిగాయి. నలభై ఆరేళ్ల వయసులో ఇంకో నౌకరీ ఎవడిస్తాడు? భయంతో ఆ రోజే ట్యాంకు ఎక్కి, పాకురంతా గీకి, కడిగి దిగాడు. మర్నాడు పోయి ఈ డ్రమ్ము కొనుక్కొచ్చాడు.

గంగమ్మ మహిమే అనాలి. మళ్లీ ఎర్ర చుక్క పడలేదు.

సరళ డ్రమ్ముకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది, వేపకొమ్మ కట్టింది. రోజూ ఊదుబత్తి వెలిగించి మొగుణ్ణి కూడా దండం పెట్టమనేది. 'ఇంత ముదురు గాడిదను, ప్లాస్టిక్ డ్రమ్ముకు మొక్కుతున్న' అని మల్లేశం లోలోపల నవ్వుకునేవాడు. నవ్వుకుంటూనే రెండు చేతులూ గట్టిగా జోడించేవాడు. అవసరం అలాంటిది మరి.

ముప్పై తొమ్మిదో రోజున వెనక వీధి ఖైరున్నీసా ఖాళీ బిందెతో వచ్చింది.

"మల్లేశమన్నా, ఆఫీసుకు ఫోన్ జేస్తే మీ ట్యాంకు ఫుల్లుగ ఉందంటుండ్రు. మా నల్లాల సుక్క లేదు. మస్తు పరేషాన్ అయితున్నం. గా డ్రమ్ములకెళ్లి ఒక్క బిందె ఇయ్యరాదే?"

"అది గంగమ్మది చెల్లె" అన్నాడు మల్లేశం తల దించుకుని. సిగ్గుతో చచ్చిపోయాడు. సాయంత్రం రెండు క్యాన్లు ఎక్కడో నింపుకొచ్చి ఆమె గడపలో పెట్టి, మొహం చూపించకుండా వచ్చేశాడు.

నలభయ్యో రోజు పొద్దున మేడమే ఫోన్ చేసింది.

"శభాష్ మల్లేశం! మన ట్యాంకులన్నిట్లో నీదే ఫస్ట్. ఈ సాయంత్రం దాకా ఇట్లాగే ఉంచు. నాలుగింటికి మేడ్చల్ రా. కాంట్రాక్టు కాగితంతో పాటు శాలువా కూడా ఉంది."

శాలువా! మల్లేశం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అద్దం ముందు నిలబడి, "నాదేముంది మేడమ్, అంతా గంగమ్మ దయ" అని నాలుగుసార్లు చెప్పి చూసుకున్నాడు. నాలుగుసార్లూ నవ్వొచ్చింది.

మధ్యాహ్నం అల్వాల్ నుంచి అత్త జంగమ్మ దిగింది. రెండు బస్సులు మారి, చెమటతో తడిసి ముద్దయింది. ఆమెను కూర్చోబెట్టి సరళ పాలకని దుకాణానికి పోయింది. మల్లేశం లోపల చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

బాత్రూమ్‌లోంచి నీళ్ల చప్పుడు.

మల్లేశం ఒక్క ఉరుకున బయటికి వచ్చాడు. బండరాయి కింద ఉంది. వేపకొమ్మ గోడకు ఆనించి ఉంది. డ్రమ్ము నోరు తెరుచుకుని ఉంది.

"అత్తా! గా నీళ్లు ముట్టద్దు!"

"ఏంది అల్లుడా గా లొల్లి? రెండు బకెట్లకే గంగమ్మ అలుగుతదా?" అంది జంగమ్మ లోపలి నుంచి, ఇంకో చెంబు పోసుకుంటూ.

జేబులో ఫోన్ మోగింది. పద్మలత మేడమ్. గొంతులో కంగారు.

"మల్లేశం! నీ ట్యాంకు ఎర్రబడింది! ఐదు నిమిషాల కింద నిండుగా ఉంది కదయ్యా, లక్ష లీటర్ల నీళ్లు ఒక్కసారే ఎటు పోయాయి?"

"మా అత్త తానం జేస్తాంది మేడమ్" అన్నాడు మల్లేశం, ట్యాంకులో వేలాడాల్సిన నల్ల గుండు డ్రమ్ములో తగ్గిన నీళ్లకు జానెడు పైన ఊగుతుంటే చూస్తూ.