కంచె అవతల చప్పట

ఉగ్రవాదుల మీద పోరుకని ప్రభుత్వం వాళ్లను ఫిజీ నుంచి ఈ ఎడారికి పంపి ఏడు నెలలైంది. ఇనోకే తుపాకీతో కాపలా మంచె మీద ఒక్కడే ఉన్నాడు. కింద సార్జెంట్ కిటియోనే, మరో ఇద్దరు యంగోనా వేరు పిసికిన నీళ్లు కొబ్బరి చిప్పతో తాగుతున్నారు. ఇంటి దగ్గరలాగే చిప్ప అందుకునే ముందు ఒక చప్పట, తాగాక మూడు.

ముగ్గురి వంతూ అయింది. అప్పుడు ముళ్లకంచె అవతల, ఉత్తరాన చీకట్లోంచి ఒక చప్పట వినబడింది.

"ఒరే ఇనోకే, పైనుంచి పరాచికాలా?"

"నా రెండు చేతులూ తుపాకీ మీదే ఉన్నాయి సార్."

పోయిన నెల తమ జట్టులోని సకియుసా మందుపాతర మీద కాలేసి చనిపోయింది అటువైపే. సార్జెంట్ చిప్ప నింపి, తీసుకెళ్లి కంచె కింద పెట్టాడు. "నీ వంతు మరిచిపోయాం. తాగరా తమ్ముడూ," అన్నాడు మెల్లగా.

చాలాసేపటికి మూడు చప్పట్లు వినబడ్డాయి. సార్జెంట్ కళ్లు తుడుచుకున్నాడు. ఇనోకే మనసు కూడా కుదుటపడింది.

అంతలో వెనక, దక్షిణం వైపు నుంచి ఒక చప్పట.

"మనలో పోయింది సకియుసా ఒక్కడేగా సార్?" అన్నాడు ఇనోకే.

సార్జెంట్ మళ్లీ చిప్ప నింపబోయి, తలెత్తి మంచె మీదున్న ఇనోకే వైపు చూశాడు. తెల్లారితే ఇనోకే గస్తీకి వెళ్లాల్సింది దక్షిణానికే.