రేసు పట్టే మనిషి

"ఒక్కటే తక్కువైంది భాయ్, హ్యాండ్ రేసు." జీపు బానెట్ కింద నుంచి ఇర్షాద్ తల బయటికి తీశాడు. "వెల్డింగ్ నడిచినంత సేపు ఇంజిన్ ఒక్క తీరుగ ఉరకాలె. గుబ్బ గుంజి ఇడిస్తె రేసు అట్లనే నిలవడుతది. నా దగ్గర పాత లారీది, ఎర్ర గుబ్బ ఒకటి ఉండె. నిన్న మీ దిక్కు వచ్చినప్పుడే ఇచ్చేసిన. అడిగినోళ్లకు మస్తు అవుసరం పడ్డది. ఇగ ఆదిలాబాద్ నుంచి తెప్పియ్యాలె."

"తెప్పియ్యకు భయ్యా" అన్నాడు కొండల్.

"మరి నువ్వు వెల్డింగ్ కడ్డీ పట్టుకుంటె ఎక్సలేటర్ ఎవలు తొక్కుతరు? నేనొస్తనా?"

"మా అవ్వ తొక్కుతది."

ఇర్షాద్ చేతిలోని పానా ఆగింది. ఉట్నూర్ రోడ్డు మీది ఆ షెడ్డులో వాళ్లిద్దరే ఉన్నా కొండల్ గొంతు తగ్గించి సంగతి చెప్పుకొచ్చాడు. బాపు రాజలింగు పోయినప్పటి నుంచి అవ్వ ఇల్లు కదలడం లేదు. ఆయన నడిపిన ఈ జీపు చక్రానికి వీపు ఆనించి పొద్దు గూకేదాకా కూర్చుంటుంది. ఆమె కోసమే తను కాగజ్‌నగర్‌లో వెల్డింగ్ షాపు పని మానుకుని వచ్చాడు. ఆమెను ఒక్కదాన్నే వదల్లేక తనూ ఇంట్లోనే ఉండిపోయాడు. దోస్తులు ఫోన్ చేసినా ఎత్తబుద్ధి కాదు. ఊరికే రమ్మంటే అవ్వ రాదు. ఆమె లేకపోతే పని నడవదంటే వస్తుంది.

"గుబ్బ సంగతి మాత్రం ఆమెకు చెప్పకు భయ్యా."

"నేనెందుకు చెప్త?" ఇర్షాద్ మళ్లీ బానెట్ కిందికి వంగాడు. ఇంజిన్ పక్కన కొత్తగా బిగించిన, వెల్డింగుకు కరెంటు పుట్టించే పెద్ద ఆల్టర్నేటర్‌ను, దాన్ని తిప్పే బెల్టును ఇంకోసారి గుంజి చూశాడు. "గట్టిగున్నది. కరెంటు లేని ఊర్లె కూడ అతుకు పెట్టొచ్చు. ఫికర్ చెయ్యకు, పో."

ఇంట్లో నాగవ్వ విని వెంటనే ఒప్పుకోలేదు.

"నేనా? నాకేమొస్తది బిడ్డా?"

"కాలు తొక్కి పట్టుడే అవ్వా. నేను చెయ్యి లేపితె తొక్కు, దించితె ఇడువు."

"ఇద్దరం పోవాల్సిందేనా?"

"ఇద్దరం లేకుంటె పనే కాదు."

నాగవ్వ కొంగు నడుముకు చెక్కుకుంది. "గట్లయితె తప్పుతదా. ఆగు, నా ఆకుల సంచి తెచ్చుకుంట" అంటూ లేచింది. ఇంత తేలిగ్గా అవుతుందని కొండల్ అనుకోలేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

వాగులు దాటి, రాళ్లెక్కి, జీపు గూడేలకు పోసాగింది. ఇదివరకు అక్కడ గొర్రు పన్ను ఊడినా భుజాన మోసుకుని ఉట్నూర్ రావాల్సిందే. ఇప్పుడు పనిముట్టు ఉన్న చోటికే వెల్డింగ్ వచ్చింది. కొండల్ నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని కడ్డీ తాకించేవాడు. నాగవ్వ కొంగు కళ్లకు కప్పుకుని ఎక్సలేటర్ తొక్కేది. నిప్పు రాలగానే ఇంజిన్ గొంతు బరువెక్కుతుందని ఆమెకు త్వరలోనే తెలిసిపోయింది. ఆ తర్వాత అతను చెయ్యి లేపే పని లేకపోయింది.

ఎవరేం అడిగినా ఆమెది ఒకటే మాట. "నాకేమెరుక, మా కొండల్‌ను అడుగుండ్రి." దాంతో అతనే మాట్లాడాల్సి వచ్చేది. పోగా పోగా నాలుగు గోండి మాటలు వచ్చాయి. వచ్చీరాని ఆ మాటలకు గూడెం ఆడవాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు. వాళ్లు పెట్టిన జొన్నరొట్టె కడుపునిండా తినేవాడు. గతుకుల్లో జీపు ఎగిరినప్పుడల్లా అవ్వ ఒళ్లో ఆకుల సంచి గలగలమనేది. సున్నం డబ్బీ, అడకత్తెర ఒరుసుకుంటున్నాయనుకునేవాడు. ఆ సంచిని ఆమె ఎవరి చేతికీ ఇచ్చేది కాదు.

ఒకరోజు తెలిసిన రైతు హనుమండ్లు పొలంలో ట్రాలీ కొక్కెం విరిగింది. కొండల్ అతుకు పెట్టి అద్దం దించగానే హనుమండ్లు నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు.

"ఏందిరా కొండలూ, పెద్దవ్వతోని గింత చాకిరి? నా ట్రాక్టర్ చూడు. చేత్తోటి గుంజి పెడితె రేసు గట్లనే నిలవడుతది. మీ జీపుకూ ఒకటి పెట్టియ్యరాదు?"

కొండల్ కంగారుగా జీపు వైపు చూశాడు. సంగతి తెలిస్తే అవ్వ రేపటి నుంచి మళ్లీ ఇంట్లోనే. ఆ చక్రం, ఆ మౌనం.

సీట్లోంచి నాగవ్వే అందుకుంది. "గా గుబ్బలు మా జీపుకు పడయి కొడుకా. ఇర్షాదే చెప్పిండు."

కొండల్ ఊపిరి పీల్చుకున్నాడు. ఇర్షాద్ భయ్యా మాట నిలబెట్టుకున్నాడు!

"ఏమో తియ్యి. ఏదైతేంది, బయట పడ్డవ్" అని నవ్వాడు హనుమండ్లు. "ఎండకాలం మీ ఇంటికొస్తె తలుపు కూడ తియ్యకపోతివి. వాకిట్ల పెద్దవ్వతోనే మాట్లాడి పోయిన. ఇప్పుడు చూడు, ఊరూరికి నువ్వే కావాలె."

"అంతా అవ్వ కోసమే అన్నా" అన్నాడు కొండల్ మెల్లగా.

పని ముగిసింది. బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటున్న నాగవ్వ కొడుకును కాసేపు అట్లా చూస్తూ ఉండిపోయింది. అతను హనుమండ్లుతో ఏదో పరాచికమాడుతూ కొక్కేన్ని కాలితో తన్ని చూపిస్తున్నాడు. ఎండలో ముఖం నల్లబడింది గానీ, కళ నిండుగా ఉంది.

"కొండలూ, చేతులు తడిగున్నయ్. నా సంచిలకెల్లి ఇంత వక్క తియ్యి బిడ్డా."

కొండల్ సీటు మీది సంచి అందుకుని చెయ్యి పెట్టాడు. ఆకులు, సున్నం డబ్బీ, అడకత్తెర.

"వక్క లేదవ్వా."

"అడుగున చూడు" అంది నాగవ్వ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

అడుగున చుట్ట చుట్టిన ఇనుప తీగ చల్లగా తగిలింది. బయటికి లాగాడు.

తీగ చివర ఎర్ర గుబ్బ ఉంది.