ఎంత సన్నగుంటది?

వేరే గ్రహం మీద తిరిగే బండి ఫొటో పెట్టాడు నగేష్.

పెట్టాడో లేదో, కింద ప్రశ్న పడింది.

"ఎంత సన్నగుంటది సారూ?"

మళ్లీ ఆ హర్యాగాడే!

సూర్యాపేటలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే నగేష్‌కు ఫేస్‌బుక్కులో ఒక గ్రూపు ఉంది. ఇంటర్నెట్టులో ఎక్కడ ఏ వింత కంటపడ్డా, కొత్త యంత్రమో, డాక్టర్ల కొత్త పరికరమో, ఎక్కడన్నా జరిగిన ప్రమాదమో, ఏరుకొచ్చి అందులో పెట్టేవాడు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా వేలమంది చూసేవాళ్లు. పెట్టిన మొదటి వీడియోకే దుకాణంలో మిఠాయి పంచాడు. పొద్దున లేచి దేవుడికి దండం పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, ఎన్ని లైకులొచ్చాయో మాత్రం చూసుకోవాల్సిందే.

ఈ హర్యా ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. మొహం ఉండాల్సిన చోట గొర్రెపిల్ల బొమ్మ. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కూడబలుక్కుని రాసేవాడు.

గొట్టంతో కడుపులోకి పంపే కెమెరా గురించి పెడితే, "చీకట్ల గూడ కనవడ్తదా సారూ?" అనేవాడు.

గుడ్డును పగలకుండా పట్టుకునే ఇనుప చెయ్యి పెడితే, "జానెడు సందుల దిగుతదా? మెత్తగ పట్టుకుంటదా?" అనేవాడు.

గ్రూపులో వాళ్లకు అదొక కాలక్షేపం.

"ఏంటి బాబాయ్, ఎలక బొరియలో దింపుతావా ఏంటి?" అన్నాడు కోదాడ శ్యాంసుందర్.

"గొర్రె ముక్కుల వెట్టి సూస్తడేమో!" అన్నాడు మిర్యాలగూడ సాయితేజ.

హర్యాకు కోపమన్నది ఉండేది కాదు.

"నవ్వుండ్రి తమ్మీ, ఏం గాదు. కొలత తెలిస్తే జర చెప్పుండ్రి."

చివరికి నగేష్‌కే విసుగెత్తింది.

"మన గ్రూపు ఇజ్జతంతా తీస్తున్నడు ఈడు" అని, ఒక్క వేలితో నొక్కి హర్యాను బయటికి నెట్టేశాడు.

ఆ ఎండాకాలమే తిరుమలగిరి దగ్గర, నగేష్ చెల్లెలు యశోద వాళ్ల చేలో బోరు వేశారు. నీళ్లు పడలేదు. ఆ పక్కనే ఇంకోటి వేశారు. దానికి మళ్లీ, మట్టి కూలకుండా దింపే కేసింగ్ పైపు ఎక్కడ కొంటారు? ఎండిన బోరులోంచి పైపు పైకి గుంజి కొత్తదానిలో దింపారు. ఆ ప్రాంతంలో అందరూ చేసే పనే. ఆ రోజు దగ్గరుండి గుంజించింది నగేషే.

నోరు తెరుచుకున్న పాత బోరు మీద ఇంత కంప వేసి, గోనెసంచి కప్పారు.

"రేపు పూడుద్దాం తియ్, బావా" అన్నాడు నగేష్.

ఆ తర్వాత పత్తి గింజలు పెట్టే హడావుడి. ఎవరికీ దాని ధ్యాసే లేదు.

ఒకనాడు పొద్దున్నే, యశోద మూడేళ్ల కొడుకు చింటు ఆ సంచి మీద కాలు పెట్టాడు.

నగేష్ వెళ్లేసరికి పొక్లెయిన్ పక్కనే గొయ్యి తవ్వుతోంది. యశోద బోర్లా పడుకుని, ఆ చీకట్లోకి కొడుకును పిలుస్తోంది.

లోపలినుంచి "అమ్మా" అని వినపడుతూనే ఉంది.

"ఏదన్న దింపన్నా ఆడికి! పొద్దు లేస్తే ఫోన్ల గన్ని మిషన్లు సూపెడ్తవ్ గదా. ఒక్కటన్న దెప్పియ్యన్నా!"

నగేష్ ఫోను తీశాడు. గ్రూపులో రాశాడు. "బోరులోకి పోయే కెమెరా, పిల్లాణ్ని పట్టుకునే మిషన్ ఎవరి దగ్గరన్నా ఉంటే జల్ది రాండ్రి. మా చెల్లె కొడుకు."

ఎన్నడూ రానన్ని లైకులు వచ్చాయి. అయ్యో అన్నవాళ్లు కొందరు, దేవుడున్నాడు అన్నవాళ్లు కొందరు.

మనిషన్నవాడు మాత్రం ఒక్కడూ రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి లోపలి పిలుపు ఆగిపోయింది.

పొద్దు వాలుతుండగా ఆటోలోంచి ఒకాయన దిగాడు. తలకు రుమాలు చుట్టుకున్నాడు. భుజాన ప్లాస్టిక్ పైపుల కట్ట, దాని కొసన చిన్న కెమెరా, లైటు, రబ్బరు తొడిగిన కొక్కేలు.

"హాలియా కాడికెల్లి వస్తున్న సారూ. బస్టాండ్ల టీవీల సూసి ఉరికొచ్చిన. జర జరుగుండ్రి."

ఎవరూ అడ్డుచెప్పలేదు. పైపుకు పైపు తగిలించుకుంటూ, నిద్రపోయే పిల్లాడి కింద చెయ్యి పెట్టినంత మెల్లగా దింపాడు. అంతే మెల్లగా పైకి లాగాడు.

చింటు వచ్చాడు.

అంబులెన్సులో వచ్చిన డాక్టరు నాడి పట్టి చూశాడు.

"కొంచెం ముందు తీసి ఉంటే..." అని, యశోద మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె కొడుకును ఒళ్లో వేసుకుని, వాడి చెవుల్లోని మట్టి కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"ఇది... యాడ దొరికిందన్నా నీకు?" అన్నాడు నగేష్.

"దొరకలే సారూ, నేనే చేసిన. ఫోన్ల ఒక గ్రూపుండె. గాడ అడిగినకాడికి అడిగి తయారు జేసుకున్న. అది ఉంటె ఇయ్యాల పొద్దుగాల్నే సూసి ఉరికొస్తుంటి. గిసొంటియి యాడ జరిగినా తెలుస్తుండె. ఈ మధ్యన అది కనవడ్తనే లేదు." జేబులోంచి ఫోను తీసి ఇచ్చాడు. "ఖరాబైనట్టున్నది. నువ్వు సదువుకున్నోని తీరున్నవ్, జర సూస్తవా?"

"నీ పేరు?"

"హర్యా."

నగేష్ ఫోను తెరిచి చూశాడు: గొర్రెపిల్ల బొమ్మ.

హర్యా తలకున్న రుమాలు విప్పి మొహానికంటిన మట్టి తుడుచుకున్నాడు. అప్పుడు గుర్తుపట్టాడు నగేష్: గ్రూపు పెట్టిన కొత్తలో, వేలమంది చూశారని తాను దుకాణంలో మిఠాయి పంచిన ఆ మొదటి వీడియోలో, బిడ్డ పడిన బోరు పక్కన మట్టిలో పొర్లి ఏడ్చిన తండ్రి ఈయనే.