బొటనవేలి మాట

"గాలి తన్నిందా?"

"తన్నింది," అంది భార్య.

బానెట్ కింద ఆమె బొటనవేలు ఇంజను మొదటి ప్లగ్గు రంధ్రాన్ని మూసి ఉంది. లారీ ముందు నిలబడి హ్యాండిల్ తిప్పుతున్న హారన్ అక్కడితో ఆపాడు. అతని గొంతు ఒక్కసారి విన్నవాళ్లెవరూ ఆ పేరు ఎందుకొచ్చిందని మళ్లీ అడగరు.

ఏ ప్లగ్గుకు ఎప్పుడు నిప్పు అందాలో చూసుకునేది డిస్ట్రిబ్యూటర్. దాని కింద ఉండే పళ్లచక్రం అరిగి అరిగి, పళ్లు బ్లేడుల్లా తేలాయి. పొద్దుట్నుంచి తంటాలుపడి దాన్ని విప్పి, కొత్త చక్రం ఎక్కించాడు. షుగర్ పుణ్యమా అని ఈమధ్య అతని వేళ్లు మొద్దుబారాయి. చక్రాన్ని బిగించే చిన్న పిన్ను పట్టు దొరక్క పదేపదే జారిపోతుంటే, దాని వంశాన్నంతా తిట్టిపోశాడు.

ఇక మిగిలింది డిస్ట్రిబ్యూటర్‌ని ఇంజనులో దించడమే. హ్యాండిల్ తిప్పుతుంటే పుల్లీ మీద గీసిన గుర్తు పైకొస్తుంది. ఒకసారి వచ్చినప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి గాలి వేలిని తన్నుతుంది, మరుసటిసారి తన్నదు. తన్నినప్పుడు దించితే బండి లేస్తుంది. తన్ననప్పుడు దించితే నిప్పు వేళ కాని వేళలో పడుతుంది, ఇక తలకిందులుగా తపస్సు చేసినా లేవదు. పెళ్లయిన కొత్తలో మొదలుకొని ఈ పనికి హ్యాండిల్ అతనిది, వేలు ఆమెది.

దించాడు. బిగించాడు. క్యాబిన్‌లోకెక్కి సెల్ఫ్ కొట్టాడు. కార్బురేటర్‌లోంచి ఫట్టుమని మంట ఎగిసింది. షెడ్డు మీది కాకులన్నీ లేచాయి గానీ ఇంజను లేవలేదు.

సిమెంటు గోడౌన్ దగ్గర కంట్రాక్టరు కాచుక్కూచున్నాడు. కొండ మీద కట్టే భవనానికి ఈ సీజనంతా బస్తాలు తోలే పని అది. చీకటిపడేలోగా లారీ రాకపోతే పని ఇంకొకడికి పోతుంది. ఈ ముసలి పెట్రోలు లారీని పిలిచి పనిచ్చేవాడు మరొకడు లేడు. పని పోతే లారీ పాత ఇనుము కొట్టుకే.

కొండ దారి అంటే మాటలా, వద్దని పొద్దున్నే భార్య నసిగింది. వేళ్లు మొద్దుబారితే స్టీరింగు చూసి పట్టుకుంటాను, కళ్లున్నాయిగా అన్నాడు. మరి కాళ్లో అని అడిగింది.

"కాళ్లకేం, గుర్రం కాళ్లు," అన్నాడు.

మళ్లీ అంతా విప్పాడు. కాయిల్ చూశాడు, వైర్లు చూశాడు, పాయింట్లు గీకాడు. లారీ ముందు కాలవ మీద పరిచిన ఇనుప రేకు ఎండకు పెనంలా కాలుతోంది. హ్యాండిల్ తిప్పాలంటే దాని మీదే నిలబడాలి. ఆమె గోనెసంచి తడిపి తెచ్చి అతని కాళ్ల కింద పరిచింది. నేనేమన్నా పెళ్లికొడుకునా, పరుపులు పరుస్తున్నావు అని కసిరాడు. కసిరినా తీయలేదు. అది ఆరగానే బకెట్లోంచి మళ్లీ నీళ్లు చల్లింది.

"తన్నిందా?"

ఆమె ఒకసారి అతని కాళ్లకేసి చూసింది. "తన్నింది," అంది.

మళ్లీ అదే మంట, అదే చప్పుడు.

ఎదురుగా పంచర్లు వేసేవాడు తన షెడ్డు నీడలోంచే ఉచిత సలహా పారేశాడు. "అన్నా, డిస్ట్రిబ్యూటర్‌ని ఎదురు తిప్పి పెట్టి చూడు. వదిన గాలి సరిగ్గా చూసుకోలేదేమో."

హారన్‌కి ఒళ్లు మండింది. "కంపెనీవాడు తప్పుతాడేమో గానీ మా ఆవిడ వేలు తప్పదు. నీ ట్యూబులు నువ్వు చూసుకో."

భార్య మొహం తిప్పుకుంది.

అంతలో ఫోను మోగింది. కంట్రాక్టరు కోప్పడనైనా లేదు. బస్తాలు వేరే లారీకెత్తించేశాను, నువ్విక రావద్దు అని పెట్టేశాడు. ఒక్క గంట ఆగమని అడిగే వ్యవధి కూడా హారన్‌కి ఇవ్వలేదు.

వచ్చి బంపరు మీద కూలబడ్డాడు. గ్రీజు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అన్నీ సరిగ్గానే చేశాడు, ఎక్కడ తప్పిందో అంతుబట్టడం లేదు. ఇంత చేతకానివాడినని అతనికెప్పుడూ అనిపించలేదు. యార్డంతా అదిరిపడే ఆ గొంతు ఇప్పుడు ఎదురు షెడ్డుదాకా కూడా పోలేదు.

"నా పని అయిపోయిందే," అన్నాడు.

ఆమె బొటనవేలికంటిన మసి చెంగుతో తుడుచుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడింది.

"గాలి తన్నలేదు," అంది.

అతనికి అర్థం కాలేదు.

"రెండుసార్లూ తన్ననప్పుడే తన్నిందన్నాను. పంచరబ్బాయి చెప్పినట్టు ఎదురు తిప్పి పెడితే ఇప్పుడే లేస్తుంది."

హారన్ తలెత్తి ఆమెకేసి పిచ్చివాడిలా చూశాడు. కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

"నోటికాడి కూడు లాగేశావు కదే. పరాయివాడు చేస్తే తట్టుకునేవాణ్ణి. ఎందుకు చేశావు?"

ఆమె బకెట్ వెనక నుంచి ఒక తోలుచెప్పు తీసి అతని ముందు పెట్టింది.

"పొద్దున క్యాబిన్ దిగుతుంటే మెట్టు మీదే ఊడిపోయింది. ఎప్పుడు వెతుక్కుంటావా అని ఇప్పటిదాకా చూశాను."

హారన్ కిందికి చూశాడు. బ్రేకు తొక్కే కాలు, ఒట్టి పాదం, గోనెసంచి దాటి కాలుతున్న రేకు మీద ఎప్పట్నుంచో ఆని ఉంది.