కిరాయి తుంటి

పత్తికట్టెతో ఎముకలు చేసి కిరాయికిచ్చే కంపెనీ ఏజెంటు గడ్డం ఓదెలును నేను క్షమించను. నా భార్య రాజవ్వ శవం ఇంకా వాకిట్లో ఉండగానే, ఆమెకు వేసిన పత్తికట్టె తుంటి ఎముకను కోసి తీసుకుపోవడానికి పెట్టె పట్టుకొచ్చాడు.

“ఎముక కిరాయిదే బావా. ఊరంత వాపసు ఇస్తుండ్రు. ఇయ్యకుంటే జామీను పెట్టిన చేను పోతది.”

“ఆ కట్టె నా చేన్ల పెరిగిందే ఓదెలూ. దాంతోనే నడిచి ఆమె నా ఎంట పత్తి ఏరింది. ఆమె మీద కత్తి పడనియ్య.”

“మరి కంపెనీకి ఏం చెప్పాలె?”

“కాలినంక బూడిద ఎత్తుకపొమ్మను.”

రాజవ్వను ఆ ఎముకతో సహా సాగనంపాను. మూడో రోజు బూడిదలో చూస్తే తుంటి ఆనవాలే లేదు. చితి కట్టెలతో పాటు అదీ కట్టెలాగే కాలిపోయింది. కంపెనీ చేను రాయించుకుంది. రాజవ్వలో మాత్రం ఒక్క ముక్క కూడా నేను వాళ్లకు ఇవ్వలేదు. పోయింది ఎకరం పన్నెండు గుంటలు.